నీళ్ళు గుంజినంక చేప ఎవరిది?

కృష్ణ గురించి పుస్తకాల్లో, పేపర్లలో రాసేదంతా నిండు కృష్ణ గురించే. గేట్లు ఎత్తిన కృష్ణ, పుష్కరాల కృష్ణ, టీఎంసీల కృష్ణ. బచావత్ ట్రిబ్యునల్ తీర్పు 1976లో అమల్లోకి వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు, అందులో జూరాలకు 17.84 టీఎంసీలు అని పంచింది. ఈ అంకెల మీద ఎన్ని పుస్తకాలు వచ్చాయో, ఎన్ని ధర్నాలు జరిగాయో పాఠకులకు తెలిసిందే. ఇదంతా వచ్చే నీళ్ళ లెక్క. పోయిన నీళ్ళ లెక్క ఎవరు రాశారు? ఫిబ్రవరి దాటినంక బీచుపల్లి వంతెన మీద నిలబడి కిందికి చూస్తే కనిపించే బండలు, ఆ బండల నడుమ అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన మడుగులు, ఆ మడుగుల్లో చేపలు, ఆ చేపల చుట్టూ మనుషులు. ఈ కృష్ణ ఏ ట్రిబ్యునల్ లెక్కలోనూ లేదు.

ఈ వ్యాసంలో మేం మాట్లాడేది ఆ రెండో కృష్ణ గురించి. ఎండకాలం నది తగ్గినప్పుడు చేపను పట్టే పద్ధతి ఎట్లా మారుతుంది, ఎందుకు మారుతుంది, ఆ తెలివి ఎవరి దగ్గర ఉంది అన్నవి చెప్పాలనుకుంటున్నాం. తెలివి ఉన్నవాడికి మడుగు మీద హక్కు ఎందుకు లేదు అన్నది కూడా. చేపల వేట గురించి దళిత పత్రికలో ఏం పని అని అడిగే మిత్రులు కొందరున్నారు. వాళ్ళను కొంచెం ఓపిక పట్టమని కోరుతున్నాం.

మా ఇలాకా గురించి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. కొత్తకోట హైదరాబాదు-కర్నూలు రోడ్డు మీద ఉంది. అక్కడి నుంచి దక్షిణంగా పెబ్బేరు దాటితే బీచుపల్లి దగ్గర కృష్ణ. పడమటికి మదనాపురం, ఆత్మకూరు మీదుగా పోతే జూరాల డ్యాం. ఊకచెట్టు వాగు ఈ ప్రాంతం గుండానే కృష్ణలోకి పోతుంది. ఆ వాగు మీదనే 1959లో ప్రారంభమైన సరళాసాగర్ ఉంది. నీళ్ళు నిండితే మనిషి గేటు ఎత్తే పని లేకుండా సైఫన్లు వాటంతట అవే తెరుచుకునే ప్రాజెక్టు అది. 2019 డిసెంబర్ 31న దాని కట్ట తెగింది. నిండిన చెరువు కొద్ది గంటల్లో బురద మైదానమైంది. కట్ట ఎందుకు తెగిందని ఇంజనీర్లు మాట్లాడారు, ఆయకట్టు సంగతి రైతులు మాట్లాడారు. ఆ నీళ్ళతో పోయిన చేప సంగతి, దాని మీద బతికే ఇండ్ల సంగతి రెండు రోజులకు మించి ఎవరికీ పట్టలేదు.

కృష్ణకు నీళ్ళు పైనుంచి వస్తాయి. ఆల్మట్టి, నారాయణపూర్ నిండాలి, భీమ కలవాలి, అప్పుడు జూరాలకు వరద. జులై, ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా నది నదిలాగా ఉంటుంది. 2009 అక్టోబర్ మొదటి వారంలో వచ్చిన వరద అలంపురం నుంచి కర్నూలు దాకా ముంచింది. అదే నది నాలుగైదు నెలలకే బండ తేలుతుంది. పాత రోజుల్లో ఈ తగ్గుదల నెమ్మదిగా ఉండేదని పెద్దలంటారు. దసరాకు ఇంత, సంక్రాంతికి ఇంత, ఉగాదికి ఇంత అని నీటి గుర్తులు బండల మీద చూపించేవాళ్ళు. డ్యాం వచ్చినంక తగ్గుదలకు ఆ క్రమం పోయింది. జూరాలలో 39 మెగావాట్ల టర్బైన్లు ఆరున్నాయి. కింద మూలమళ్ళ దగ్గర దిగువ జూరాలలో 40 మెగావాట్లవి ఇంకో ఆరు. కరెంటు తీసినప్పుడు కింద నీళ్ళు లేస్తాయి, ఆపితే దిగిపోతాయి. అంటే నది ఇప్పుడు రుతువును బట్టి కాక స్విచ్చును బట్టి ఎక్కుతుంది, దిగుతుంది. చేపకు ఇది కొత్త. చేపను పట్టేవాడికీ కొత్తే.

ఇక చేప సంగతి.

మా దిక్కు నదిలో పెద్ద వేట చేప వాలుగ. మీసాలుంటాయి, పొలుసుండదు, నోరు చెవుల దాకా చీల్చినట్టుంటుంది. మీటరు దాటి పెరుగుతుంది. చిన్న చేపల్ని మింగి బతుకుతుంది. ప్రపంచవ్యాప్తంగా ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో దీన్ని ఇప్పుడు చేర్చారు. వాలుగ కాక కొర్రమీను, బొచ్చె, రవ్వ, జెల్ల, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, పరక, ఇంకా బయటినుంచి వచ్చి పాతుకుపోయిన జిలేబి చేప ఉన్నాయి. నిండు నదిలో ఇవన్నీ చెదిరి ఉంటాయి. నీళ్ళు గుంజినంక అన్నీ ఒకే మడుగులో చిక్కుతాయి. తినేదీ తినబడేదీ ఒకే గుంతలో ఉంటే ఏమైతది? మొదట వాలుగకు పండుగ. తర్వాత తిండి అయిపోతుంది, నీళ్ళు వేడెక్కుతాయి, అదీ చిక్కుతుంది.

వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ పడుతుంది. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. అది పూర్తిగా గాలి కలిసిన నీళ్ళ లెక్క. పారకుండా నిలిచిన మడుగులో, పాచి పట్టిన చోట, ఇంకా తక్కువ. పాచి పగలు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తిరిగి తానే తీసుకుంటుంది. అందుకని తెల్లారే ముందు మడుగులో ఊపిరి అన్నిటికంటే తక్కువ. ఆ జామున బొచ్చె, రవ్వ పైకొచ్చి నోరు తెరుస్తుంటాయి. దాన్ని చూసి మా వాడలో ‘చేప దప్పికైంది’ అంటారు. నీళ్ళలో ఉన్న చేపకు దప్పిక ఏంది అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. సైన్సు చెప్పేది కూడా అదే, కాకపోతే దప్పిక నీళ్ళకు కాదు, గాలికి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి ఈ గండం దాటుతాయి. అవి పైకొచ్చి గాలినే మింగగలవు. బురదలో కూడా కొన్నాళ్ళు ఉండగలవు. అందుకే అన్నీ చచ్చిన గుంతలో చివరికి మిగిలేది కొర్రమీను. దీన్ని తెలంగాణ రాష్ట్ర చేప అని ప్రకటించారు. బురదలో బతికే చేపకు రాష్ట్ర గౌరవం దక్కింది, సంతోషం.

నీళ్ళు తగ్గినప్పుడు గాలం ఎట్లా వేయాలో మేం నేర్చుకున్నది మా వాడలో ఒక పెద్దాయన దగ్గర. జీవితంలో సగం డ్యాముల మీద, కాలువల మీద మట్టి మోసిన మనిషి. ‘పాలమూరు లేబర్’ అని దేశమంతా పిలిచిన మనుషుల్లో ఒకడు. వానలకు ముందు పనుల నుంచి ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన మొదట చూసేది నదినే.

‘పెద్దనాయినా, పగలు ఎందుకు పడది?’ అని అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేసిండు.

‘ఎండల నువ్వు ఏడ పంటవు బిడ్డా?’

‘నీడకు.’

‘అది గూడ గంతే. బండ కింద నీడ సూస్కొని పంటది. పొద్దుగూకినంక ఆకలైతది, ఒడ్డుకొస్తది. నువ్వు పగటి పూట లోతుల ఏస్తున్నవు. అది పండుకున్న ఇంట్లకు పోయి బువ్వ తినుమంటే తింటదా?’

వాలుగ పగలు లోతైన చోట, బండ సందుల్లో ఉంటుంది. రాత్రి లోతు తక్కువ అంచులకు వస్తుంది, ఎందుకంటే చిన్న చేప అక్కడుంటుంది. అందుకని ఎండకాలం గాలం వేసే వేళ పొద్దుగూకినప్పటి నుంచి, మళ్ళీ తెల్లారే ముందు. చోటు మడుగు నడుమ కాదు. ఒక మడుగు సన్నబడి ఇంకో మడుగులోకి పోయే గొంతు దగ్గర వేయాలి. కొంచెమైనా పారకం ఉంటే అక్కడే ఉంటుంది. పారే నీళ్ళలో ఊపిరి ఎక్కువ, కొట్టుకొచ్చే తిండీ ఎక్కువ. వరదలో దీనికి పూర్తిగా ఉల్టా. అప్పుడు పారకం మోయలేక చేప ఒడ్డున నిదానం నీళ్ళలో, చెట్ల మొదళ్ళలో నిలుస్తుంది. బరువైన సీసం కట్టి అక్కడ వేస్తాం. ఎండకాలం సీసం బరువు తగ్గించాలి. పారకం లేని నీళ్ళలో బరువు పెట్టుకుంటే గాలం పోయి బండ సందులో చిక్కుతుంది, చప్పుడుకు చేప బెదురుతుంది.

ఇంకో సంగతి, నీళ్ళు తేటగుంటాయి. వరద నీళ్ళ ఎరుపులో మోటు దారం కనబడదు, ఎండకాలం కనబడుతుంది. సన్న దారం కావాలి. మనిషి నీడ నీళ్ళ మీద పడొద్దు. బండ మీద చెప్పులతో నడిస్తే ఆ అదురు నీళ్ళలోకి పోతుంది. పెద్దాయన మడుగుకు పది అడుగుల ముందే చెప్పులు విడిచేవాడు. ఊళ్ళో దొర ఇంటి ముందు ఒకప్పుడు చెప్పులు విడిచిన కాళ్ళవి. ఇక్కడ విడిచింది మాత్రం ఎవరికీ భయపడి కాదు, చేపను బెదిరించొద్దని. ఎరగా ఎర్రలు పెడితే జెల్ల, బొమ్మిడాయి పడతాయి. వాలుగకు మాత్రం బతికున్న పరక కావాలి, లేదంటే చిన్న కప్ప.

వలల సంగతికొస్తే, నది నిండుగా ఉన్నప్పుడు పుట్టి మీద పోయి నీళ్ళలో గోడలాగా నిలువు వల కట్టి పొద్దున తీసుకొస్తారు. పుట్టి ఉన్నవాడిదే ఆ వేట. నీళ్ళు నడుము లోతుకు వస్తే విసురువల పనికొస్తుంది, కానీ మా దిక్కు నది అడుగు అంతా బండ, వల చీరుతుంది. బండ ఎక్కడుందో, ఇసుక ఎక్కడుందో కాలికి తెలిసినవాడే విసరాలి. మోకాలి లోతుకు వస్తే వల అవసరమే లేదు. అడుగు లేని బుట్ట, దాన్ని ఊత అంటాం, నీళ్ళలో గుచ్చి పైనుంచి చెయ్యి పెట్టి తీయడమే. ఆడవాళ్ళు పాత చీరె రెండు దిక్కుల పట్టుకొని పరకలు తోడుతారు. చివరకు బురద మిగిలితే ఉత్త చెయ్యి. అంటే నీళ్ళు దిగినకొద్దీ పెట్టుబడి తగ్గుతుంది. పుట్టి, నిలువు వల, విసురువల, ఊత, చెయ్యి. ఈ వరుసలో ఎవరు ఎక్కడున్నారో చూస్తే మా ఊళ్ళ కులం మొత్తం కనిపిస్తుంది. మా వాడ చివర్న ఉంది, ఊత దగ్గర, చెయ్యి దగ్గర.

డ్యాం కింద వేటకు ఇంకో తెలివి కావాలి. టర్బైన్ ఆపినంక నీళ్ళు జరజరా దిగిపోయి బండ గుంతల్లో చేప చిక్కుతుంది. అది చూసి దిగినవాడు సైరన్ వినకపోతే మళ్ళీ లేచే నీళ్ళలో నడుమ బండ మీద చిక్కుతాడు. గుంతలోని చేపకూ వాడికీ తేడా లేదు. పిల్లల్ని తీసుకొని డ్యాం కిందికి పోవద్దని, రాత్రి అసలే వద్దని గట్టిగా చెప్తున్నాం.

ఇక ఈ తెలివి ఎవరిది అన్న ప్రశ్న. మత్స్యకార కులాలు అంటే బెస్త, గంగపుత్ర, ముదిరాజ్ అని ప్రభుత్వమూ సమాజమూ లెక్క పెట్టుకున్నాయి. వాళ్ళది తరతరాల పని, వాళ్ళ నైపుణ్యాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. కానీ తెలంగాణ చెరువు చరిత్రలో నీరటి అని ఒక మనిషి ఉన్నాడు. తూము తీసేది, మూసేది, ఏ పొలానికి ఎంత నీళ్ళు పోవాల్నో చూసేది, రాత్రి అలుగు దగ్గర కావలి పండేది ఆయనే. చాలా ఊళ్ళలో ఈ పని మాల, మాదిగ ఇండ్లదే. ఇచ్చే కూలి కొలిచి ఇచ్చే గింజలే. చెరువులో నీళ్ళు ఏ రోజు ఏ మెట్టుకు దిగుతాయో, ఏ మూల చివరిదాకా గుంత నిలుస్తుందో, అందులో ఏ చేప ఉంటుందో ఊళ్ళో అందరికంటే ముందు నీరటికి తెలుసు. తూములో ఊపిరి బిగబట్టి దిగే మనిషికి నీళ్ళ గురించి తెలియదని ఎవరైనా అనగలరా? అయినా ఏ రికార్డులోనూ ఆయన మత్స్యకారుడు కాదు. ‘కింది కులాలకు శ్రమ ఉంది, జ్ఞానం లేదు’ అన్న పాత మాట చేపల దగ్గర కూడా పనిచేసింది. తేడా ఒక్కటే, ఈసారి ఆ మాట అన్నది పై కులం కాదు, ప్రభుత్వ కాగితం.

మేం చిన్నప్పుడు చూసిన ఒక సంగతి చెప్తాం. ఊరు పేరు అవసరం లేదు. ఎండకాలం చెరువు తూము కిందికి దిగినంక గుత్తకు తీసుకున్నవాళ్ళు రెండు మూడు రోజులు వలలు లాగి పెద్ద చేప తీసుకుపోయేవాళ్ళు. తర్వాత చెరువు ‘విడిచిండ్రు’ అని చాటింపు. చాటింపు వేసేది కూడా మా వాడ మనిషే, డప్పు మాదే కదా. చాటింపు అయినంక ఊరోళ్ళు దిగేవాళ్ళు. ఊరోళ్ళు ఎక్కినంక మేం దిగాలి. అట్లని ఎక్కడా రాసి లేదు, కానీ అందరికీ తెలుసు. ఒక ఏడు మా వాడ పిలగాండ్లు డప్పు చప్పుడు ఆగీ ఆగకముందే దిగారు. గంపలు లాక్కున్నారు, ఊతలు తొక్కి విరిచారు. అందులో ఒక గంప మా ఇంటిది. ఆ రోజు మా ఇంట్లో చింతపులుసు ఉడికింది, అందులో వేయడానికి చేప లేదు. దీన్ని దాడి అని ఎవరూ అనలేదు. మా నాయిన కూడా అనలేదు, ‘తొందర పడ్డరు పోరగాండ్లు’ అన్నడు.

నీళ్ళ మీద హక్కు అంటే మనకు వెంటనే మహద్ గుర్తొస్తుంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ చవదార్ చెరువుకు నడిచి దోసిట నీళ్ళు తాగిన రోజు. కారంచేడులో 1985లో మాదిగలపై జరిగిన హత్యాకాండకు నిప్పు అంటుకున్నది కూడా తాగే నీళ్ళ చెరువు దగ్గరే. తాగే నీళ్ళ మీద మన ఉద్యమం నిలబడింది. నీళ్ళలోని సంపద మీద, అంటే చేప మీద, తుంగ మీద, ఒండ్రు మట్టి మీద, ఎండిన చెరువు శిఖం మీద, అంత గట్టిగా మాట్లాడలేదు. ఇది మన పొరపాటు అని మేం అనుకుంటున్నాం. దోసిట నీళ్ళు తాగనిచ్చి గంప లాక్కుంటే అది సగం హక్కే.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 15(2) ప్రభుత్వ ధనంతో నిర్వహించే బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకంలో కుల వివక్ష కూడదంటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చినప్పుడు నీళ్ళను ఖరాబు చేయడం నేరమని ఉంది. 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమలు చేసిన రూపంలో ఇంకో మాట చేరింది. ఊరి ఉమ్మడి వనరులను, నదినీ వాగునూ చెరువునూ ఇతరులతో సమానంగా వాడుకోకుండా అడ్డుకోవడం నేరం. సెక్షన్ 3(1)లో ‘జడ్ ఏ’ అనే ఉపవిభాగం చూడండి. ఊళ్ళలో పని చేసే కార్యకర్తలు దీన్ని శ్మశానం తగాదాలకు వాడుతున్నారు కానీ చెరువు, మడుగు దగ్గర వాడటం మేం చూడలేదు. గంప లాక్కున్న రోజు ఈ సెక్షన్ లేదు. ఇప్పుడుంది.

అయితే వేట హక్కు నడిచేది సహకార సంఘాల ద్వారా. 1964 సహకార చట్టం కింద చేపల సొసైటీలు ఏర్పడ్డాయి. చెరువు గుత్త వాటికే. తెలంగాణ వచ్చినంక 2016-17 నుంచి ఉచిత చేప పిల్లల పంపిణీ కూడా వాటి చెరువులకే జరిగింది. సొసైటీలో చేరాలంటే నైపుణ్య పరీక్ష ఉంటుంది. ఈత రావాలి, వల విసరాలి, వల అల్లడం తెలియాలి. మంచిదే, పని తెలిసినవాడికే పని అన్నది న్యాయమైన మాట. మరి పని తెలిసిన మాదిగ పిలగాడు పోయి నిలబడితే? మేం ఒక చోట ఇద్దరు యువకుల్ని తీసుకుపోయి అడిగాం. మొదట అడిగింది ఈత గురించి కాదు, వల గురించి కాదు. ‘మీరేమిటోళ్ళు?’ అని అడిగారు. పరీక్ష అక్కడికే అయిపోయింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బెస్త, ముదిరాజ్ కులాలు మన శత్రువులు కావు. వాళ్ళలో వాళ్ళకే సభ్యత్వాల మీద ఏళ్ళ తరబడి తగాదాలున్నాయి. పెద్ద నీళ్ళు కాంట్రాక్టర్ల పాలయితే వాళ్ళూ కూలికే దిగాల్సి వస్తుంది. సోమశిల వైపు శ్రీశైలం వెనుక నీళ్ళలో చూడండి. 1980ల మొదట్లో ఆ డ్యాం వంద పైచిలుకు ఊళ్ళను ముంచింది. ఎండకాలం నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో, పెట్టుబడిదారులు బయటి ప్రాంతాల కూలీలను తెచ్చి అలివి వలలు లాగిస్తారు. దోమతెర లాంటి సన్న కన్ను వల అది, చీటికెన వేలంత పిల్లను కూడా విడవదు. నిషేధం ఉన్నా లాగుతూనే ఉంటారు. దానివల్ల పోయేది స్థానిక బెస్త ఇంటి కూడు, మా వాడ కూడు రెండూ. కనుక మా కొట్లాట వాళ్ళ వాటా గుంజుకోవడానికి కాదు. నీళ్ళు తగ్గిన మడుగులో, ఊత పెట్టుకునేవాడికి, గాలం వేసుకునేవాడికి ఒక చోటుండాలని అడుగుతున్నాం. చేపల వ్యాపారం అడగడం లేదు, కూర అడుగుతున్నాం. కూరతో మొదలవుతుంది, రేపు వ్యాపారమూ అడుగుతాం, అది వేరే సంగతి.

ఇట్లాంటి కొట్లాట మనదొక్కటే అనుకోవద్దు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో వాల్‌ఐ అనే చేప ఉంది. పేరు వినగానే మాకు వాలుగ తోచింది. రెండూ ఒక జాతివి కావు, కానీ గుణం దగ్గరగా ఉంటుంది. అదీ రాత్రి వేటాడుతుంది, పెద్ద కళ్ళు, దీపం వేస్తే కళ్ళు మెరుస్తాయి. మంచు కరిగిన వెంటనే గులకరాళ్ళున్న లోతు తక్కువ నీళ్ళకు గుడ్లు పెట్టడానికొస్తుంది. ఒజిబ్వే అనే ఆదివాసులు ఆ లోతు తక్కువ నీళ్ళలో రాత్రి దీపం పట్టుకొని ఈటెతో పొడిచి పడతారు. 1837, 1842 ఒప్పందాల్లో వాళ్ళు భూమి వదులుకున్నారు కానీ వేట హక్కు, చేప హక్కు వదులుకోలేదు. ఆ మాటను తెల్లవాళ్ళ ప్రభుత్వం మరిచిపోయింది. 1974లో ఇద్దరు అన్నదమ్ములు తమ రిజర్వేషన్ హద్దు దాటి కావాలనే చేపలు పట్టి కేసు పెట్టించుకున్నారు. 1983లో అప్పీలు కోర్టు ఒజిబ్వేల హక్కు నిజమే అన్నది. అసలు గొడవ అప్పుడు మొదలైంది. 1980ల చివర్లో ప్రతి వసంతంలో పడవ రేవుల దగ్గర వందల మంది తెల్లవాళ్ళు గుమిగూడి తిట్టారు, రాళ్ళు రువ్వారు. చేపను కాపాడండి, ఇండియన్‌ను పొడవండి అని అర్థం వచ్చే అట్టలు పట్టుకున్నారు. వాళ్ళ వాదన ఏంటంటే ఆదివాసులు ఇట్లా పడితే చేపల జాతి అంతరిస్తుందని. 1991లో ప్రభుత్వమూ తెగలూ కలిసి చేసిన అధ్యయనం ఆ మాట తప్పని తేల్చింది. 1999లో మిన్నెసోటా కేసులో సుప్రీంకోర్టు కూడా 1837 ఒప్పందపు హక్కు బతికే ఉందని చెప్పింది.

మేం దీన్నుంచి తీసుకున్నది రెండు సంగతులు. ఒకటి, లోతు తక్కువ నీళ్ళలో పట్టే పేదవాడి పద్ధతినే ఎప్పుడూ ‘నాశనం’ అంటారు, మోటారు పడవల వేటను ఆట అంటారు. రెండు, ఒజిబ్వేలు కోర్టులో గెలిచి ఊరుకోలేదు. తమ సొంత సంఘం పెట్టుకొని ఏ చెరువులో ఎన్ని చేపలున్నాయో లెక్క పెట్టి, రాత్రికి ఇన్నే అని తమకు తామే హద్దు పెట్టుకున్నారు.

ఆ రెండో సంగతి మన ఇంట్లోకి చూసుకోమంటుంది. మన పిలగాండ్లు మడుగుల్లో ఏం చేస్తున్నారు? కొందరు బ్లీచింగ్ పొడి వేస్తున్నారు. పురుగుల మందు పోస్తున్నారు. మోటారు తీగ తగిలించి కరెంటు పెడుతున్నారు. పేలుడు మందు, విషం రెండూ 1897 చేపల చట్టం కాలం నుంచే నేరం. నేరమన్నది పక్కన పెడదాం. అదే మడుగులో మన గొర్లు, బర్లు నీళ్ళు తాగుతాయి, మన ఆడవాళ్ళు బట్టలుతుకుతారు. కరెంటుకు పెద్ద చేపతో పాటు గుడ్డు, పిల్ల, కప్ప, ఆఖరికి మనిషీ పోతాడు. పాతవాళ్ళు మంగకాయ నూరి కలిపేవాళ్ళు కదా అని వాదించేవాళ్ళున్నారు. అదీ విషమే, తాతలు చేసినంత మాత్రాన మంచిది కాదు. ఎండకాలం మడుగు అంటే వచ్చే ఏటి విత్తనం. వరద వచ్చినప్పుడు ఈ మడుగుల్లో బతికి మిగిలినవే పైకి ఎక్కి గుడ్లు పెడతాయి. అందుకే జులై, ఆగస్టులో వేట ఆపాలి. కొర్రమీను తన ఎర్రని పిల్లల గుంపును కాపలా కాస్తూ తిరుగుతుంటే దాన్ని పట్టొద్దు. తల్లి పోతే గుంపంతా జిలేబి చేపకు మేత అవుతుంది. మా పెద్దాయన ప్రతి ఏడు ఒక మడుగును తాకకుండా వదిలేసేవాడు. ఎందుకని అడిగితే, ‘అది బ్యాంకు’ అన్నడు. ఆయనకు బ్యాంకులో ఖాతా లేదు.

2020లో కేంద్రం ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన తెచ్చింది. అందులో ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఖర్చులో 60 శాతం సబ్సిడీ, మిగతావాళ్ళకు 40. చదవడానికి బాగుంది. చెరువు తవ్వుకోవాలంటే భూమి కావాలి, మిగిలిన 40 శాతం ముందు చేతిలో ఉండాలి. భూమి లేని దళితుడికి భూమి ఉన్నట్టు లెక్కగట్టిన పథకం అది. అయినా ఐసుపెట్టె ఉన్న బండికి, చేపలమ్మే దుకాణానికి దరఖాస్తు పెట్టవచ్చు. జూరాల దగ్గర వేయించిన చేపల కొట్లు చూడండి, హైదరాబాదు నుంచి కార్లు ఆగుతాయి. ఆ కొట్లలో చేప శుభ్రం చేసే చేతులు, అంట్లు తోమే చేతులు ఎవరివో అడగండి. గల్లా మీద కూర్చున్న చేతులు ఎవరివో కూడా అడగండి.

ఈ వ్యాసం రాసేముందు మళ్ళీ పెద్దాయనను కలిశాం. కళ్ళు సరిగా కనిపించడం లేదు, నది దాకా నడవలేడు. సొసైటీలో ఆ ఇద్దరు యువకుల సంగతి చెప్పాం. విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గాలాల డబ్బా తెప్పించి మా ముందు పెట్టిండు. తుప్పు పట్టనివి పదకొండు ఉన్నాయి. ‘పోయి మల్ల అడుగుండ్రి, ఈసారి కాగితం రాసి ఇయ్యుండ్రి, ఒద్దంటే ఒద్దని వాండ్లను గూడ కాగితం మీద రాసియ్యమనుండ్రి’ అన్నడు. దరఖాస్తు రాశాం. ఇద్దరు పిలగాండ్లూ సంతకం పెట్టారు. ఇప్పటిదాకా జవాబు రాలేదు. ఊకచెట్టు వాగులో నీళ్ళు మోకాలి లోతుకు వచ్చాయి.